ఒక్కటే చదువుతానంటే ఏది? హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడ్డవాళ్ళ పుస్తకాల్లో ఎంపిక

పోయిన దసరా సెలవులకి మా మేనకోడలు వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఆదివారం పొద్దున్నే ఇద్దరం అబిడ్స్ వెళ్ళాం. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట గొంతుక్కూర్చుని ఏరుకోవడం మాకు అలవాటే. ఒకాయన పరిచిన పట్టా మీద హిట్లర్ ‘మైన్ కాంఫ్’ ప్రతులు నాలుగు మెరిసిపోతూ ఉన్నాయి. వాటికి ఆనుకునే అట్ట నలిగిన ఆన్ ఫ్రాంక్ డైరీ. ఇంకాస్త అవతల, కోటీశ్వరుడు కావడం ఎలా అనే పుస్తకాల మధ్య ఇరుక్కుని విక్టర్ ఫ్రాంకల్. పిల్ల ఆ మూడింటినీ మార్చి మార్చి చూసి, “అత్తా, ఈ క్యాంపుల గురించి ఒక్క పుస్తకం చదువుతా. ఏది తీసుకోను?” అంది. ఒక్కటేనా అంటే, “పరీక్షలున్నాయి” అంది.

అక్కడికక్కడ జవాబు తోచలేదు. పదిహేనేళ్ళుగా ఇవే చదువుతున్నదాన్ని, ఒక్కటి చెప్పమంటే నోట మాట రాలేదు. ఇంటికొచ్చి అలమారలోంచి అన్నీ దించి మంచం మీద పరిచాను. ఆ రాత్రి తనకి చెప్పిందీ, తర్వాత నాలో నేను సరిదిద్దుకుందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందొక మాట. హోలోకాస్ట్ అంటే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నాజీలూ వాళ్ళ తొత్తులూ కలిసి దాదాపు 60 లక్షల మంది యూదుల్ని చంపడం. మన చేతికొచ్చే పుస్తకాలేమో బతికి బయటపడ్డవాళ్ళు రాసినవి. అంటే ప్రతి పుస్తకమూ, ఆ మాటకొస్తే, జరగకుండా తప్పిపోయిన చావు కథే. రైలు దిగిన గంటలోపే గ్యాస్ చాంబర్లోకి వెళ్ళిన ముసలమ్మ ఏ పుస్తకమూ రాయలేదు. నాజీ క్యాంపు నుంచి బతికొచ్చిన ఇటలీ రచయిత ప్రీమో లేవీ తన చివరి రోజుల్లో, 1986లో వచ్చిన పుస్తకంలో, ఇదే ఒప్పుకున్నాడు: తిరిగొచ్చిన మేము అసలు సాక్షులం కాము, అట్టడుగు దాకా వెళ్ళినవాళ్ళు చెప్పడానికి మిగల్లేదు అని. దీన్ని గుర్తుంచుకుంటే ‘ధైర్యం ఉంటే ఎవరైనా బతుకుతారు’ అని అట్ట మీద కూసే ప్రచారానికి పడిపోం.

పుస్తకం ఎంచుకునేముందు నేను మూడు విషయాలు చూస్తాను. రాసినాయన అప్పుడు ఏ వయసులో ఉన్నాడు, ఎక్కడున్నాడు, బయటపడ్డ ఎన్నేళ్ళకి రాశాడు. పదిహేనేళ్ళ పిల్లాడికి కనబడేది వేరు, నలభై ఏళ్ళ డాక్టరుకి కనబడేది వేరు. వెంటనే రాసినవాడి దగ్గర వస్తువులు స్పష్టంగా ఉంటాయి: చెంచా, బూటు, రొట్టె ముక్క. నలభై ఏళ్ళాగి రాసినవాళ్ళ దగ్గర ఆ వస్తువులు కాస్త మసకబారతాయి గానీ, వాటి మీద పోట్లాట మొదలవుతుంది. రెండూ కావలసినవే. ఒకదానికి బదులు మరొకటి చాలదు.

లేవీనా, వీజెలా?

అసలు పోటీ ఈ ఇద్దరి మధ్యే. ఇద్దరూ పోలండ్‌లో నాజీలు నడిపిన ఆష్‌విట్జ్ క్యాంపుల సముదాయంలోని బూనా క్యాంపులో, 1944లో, కొన్ని నెలలపాటు ఒకే కంచె లోపల ఉన్నారు. పుస్తకాలు మాత్రం ఉత్తర దక్షిణాలు.

ఎలీ వీజెల్‌ది రుమేనియా వైపు సిగెట్ అనే చిన్న ఊరు, ఆ రోజుల్లో హంగరీ ఏలుబడిలో ఉండేది. 1944 మే నెలలో ఊళ్ళో యూదులందర్నీ పశువుల పెట్టెల్లో ఎక్కించారు. అప్పుడతనికి పదిహేనేళ్ళు. పగలు యూదుల ధర్మగ్రంథం తాల్ముడ్ చదువుకుని రాత్రి గుళ్ళో ఏడ్చేంత భక్తి ఉన్న కుర్రాడు. అతని పుస్తకం ‘నైట్’ 120 పేజీలకి మించదు. వాక్యాలు పొట్టివి. రైలు పెట్టెలో ఒకావిడ, అదుగో మంట, మంట అని కేకలు వేస్తూనే ఉంటుంది. చూస్తే బయట ఏమీ ఉండదు. భరించలేక కుర్రాళ్ళు ఆమెను కట్టేసి కొడతారు, పక్కన పదేళ్ళ కొడుకు చూస్తుండగానే. పెట్టె ఆగాక అందరికీ నిజంగానే మంట కనబడుతుంది, పొగగొట్టంలోంచి.

పుస్తకమంతా తండ్రీ కొడుకుల కథ. చివర్లో, 1945 జనవరిలో, జర్మనీలోని బూకెన్‌వాల్డ్ క్యాంపులో తండ్రి విరేచనాల జబ్బుతో పడి ఉంటాడు. నీళ్ళడుగుతూ కొడుకు పేరు పెట్టి పిలుస్తాడు. సైనికాధికారి తల మీద కొడతాడు. కొడుకు కదలడు. తెల్లారేసరికి ఆ చోట ఇంకో రోగి ఉంటాడు. ఏడుపు రాలేదని రాశాడు వీజెల్. మన ఇళ్ళల్లో కొడుకు పెట్టే తలకొరివి చుట్టూ ఎంత బతుకు అల్లుకుని ఉందో తెలిసినవాళ్ళకి ఆ పేజీ మరీ బరువు. నేను మా నాన్న పోయిన ఏడాది అది తెరిచి మళ్ళీ మూసేశాను. అందుకే ఈమధ్య ఇంట్లో చావు జరిగినవాళ్ళకి ‘నైట్’ ఇవ్వను.

ఇక లేవీ, పుస్తకం ‘ఇఫ్ దిస్ ఈజ్ ఎ మాన్’. ఇటలీలో ట్యూరిన్ ఊరివాడు, రసాయనశాస్త్రం చదివాడు, పట్టుబడేనాటికి 24 ఏళ్ళు. 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఫోసోలీ క్యాంపు నుంచి బయల్దేరిన రైల్లో 650 మంది. వాళ్ళలో క్యాంపు లోపలికి పనికని అడుగుపెట్టనిచ్చింది 96 మంది మగవాళ్ళనీ 29 మంది ఆడవాళ్ళనీ. మిగతావాళ్ళు రెండు రోజుల్లోపే లేరు. లేవీ ఈ లెక్కని లెక్కలాగే చెబుతాడు. గొంతు పెంచడు. నేను మొదటిసారి చదివినప్పుడు, ఏమిటీ మనిషికి కోపం రాదా అనిపించింది. రెండోసారి చదివితే తెలిసింది, కోపం వాక్యాల మధ్య ఖాళీల్లో ఉంది.

ఒక చోటు చెబుతాను. క్యాంపులోనే రసాయనశాస్త్రంలో పరీక్ష పెడతారు, పాసయితే ప్రయోగశాలలో పని, అంటే చలి నుంచి కాస్త తెరిపి. పరీక్ష పెట్టే జర్మన్ రసాయనశాస్త్రవేత్త బల్ల అవతల కూర్చుని లేవీని చూస్తాడు. ఆ చూపు మనిషి మనిషిని చూసే చూపు కాదంటాడు లేవీ. పరీక్ష అయ్యాక వెనక్కి నడిపించుకొస్తున్న కాపో, అంటే ఖైదీల మీద పెత్తనం చేసే ఇంకో ఖైదీ, దారిలో ఇనుప తాడు పట్టుకుంటాడు. చేతికి గ్రీజు అంటుకుంటుంది. ఆ చెయ్యి తిప్పి తిప్పి లేవీ భుజానికి తుడుచుకుంటాడు, కోపంగా కాదు, వెటకారంగానూ కాదు, గుడ్డముక్కకి తుడుచుకున్నట్టు. కొట్టడాలూ చంపడాలూ పుస్తకంలో ఎన్నో ఉన్నా నాకు మాత్రం ఆ అరచెయ్యే గుర్తుండిపోయింది.

ఇంకోటి. సూప్ గంగాళం మోసుకురావడానికి ఒక ఫ్రెంచి కుర్రాడితో కలిసి నడుస్తూ, వాడికి ఇటాలియన్ నేర్పుదామని లేవీ ఇటాలియన్ కవి డాంటే కావ్యంలోని యులిసీస్ ఘట్టం చెప్పడం మొదలుపెడతాడు. మధ్యలో పాదాలు మర్చిపోతాడు. ఆ తెగిన చోటు అతికించే పాదం ఎవరైనా చెబితే ఇవాళ్టి నా సూప్ ఇచ్చేస్తాను అనుకుంటాడు. ఆకలితో చచ్చిపోతున్న మనిషి! ‘ఎవ్వనిచే జనించు’ ఎత్తుకుని మూడో పాదం దగ్గర తడుముకున్నవాళ్ళెవరికైనా ఆ తహతహ ఏమిటో తెలుస్తుంది. పోతన పద్యం నోటికి వచ్చిన మా అమ్మకి ఈ అధ్యాయం తెలుగులో చెబుతూ వినిపిస్తే, “తర్వాత గుర్తొచ్చిందా పాపం?” అని అడిగింది.

ఇద్దరి పుస్తకాలూ పుట్టిన తీరు కూడా చూడాలి. లేవీ తిరిగొచ్చిన వెంటనే రాసేశాడు. పేరున్న ప్రచురణ సంస్థ కాదంటే 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసింది. పదకొండేళ్ళ తర్వాత, 1958లో, కాదన్న సంస్థే మళ్ళీ వేసింది. వీజెల్ పదేళ్ళు నోరు మెదపలేదు. ముందు తూర్పు యూరప్ యూదులు మాట్లాడే యిడ్డిష్‌లో చాలా పొడుగ్గా రాశాడు, అది 1956లో బ్యూనస్ ఎయిర్స్‌లో అచ్చయింది. దాన్ని చెక్కి చెక్కి 1958లో ఫ్రెంచిలో పొట్టి పుస్తకం చేశాడు. అందుకే లేవీ పుస్తకం వాంగ్మూలంలా ఉంటుంది, వీజెల్‌ది విలాపంలా ఉంటుంది. వీజెల్ దేవుణ్ణి నిలదీస్తాడు. లేవీకి దేవుడితో పేచీ లేదు, మనిషి ఎలా పనిచేస్తాడో కనుక్కోవాలి. దాహమేసి కిటికీ అవతల వేలాడుతున్న మంచు ముక్క విరుచుకుంటే కాపలావాడు లాగేసుకుంటాడు. ఎందుకు అని అడిగితే, ఇక్కడ ఎందుకు అనేది లేదు అంటాడు. తక్కిన పుస్తకమంతా ఆ లేని ‘ఎందుకు’ని వెతకడమే.

ఒక్కటే అంటే నా ఓటు లేవీకి. నాలుగు గంటల్లో అయిపోవాలి, ఇంగ్లీషు తేలిగ్గా ఉండాలి అంటే వీజెల్. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు పుస్తకం అంటే జంకేవాళ్ళు కూడా ‘నైట్’ గుక్కతిప్పుకోకుండా చదివేస్తారు. లేవీ దగ్గర వాక్యాలు కొంచెం మెలికలు తిరుగుతాయి, మధ్యమధ్య జర్మన్, పోలిష్ మాటలు వస్తాయి. అర్థం కాకపోయినా ముందుకు వెళ్ళిపోవచ్చు. క్యాంపులో ఆయనకీ ఆ భాషలు అర్థం కాలేదు, భాష రానివాళ్ళే ముందు చచ్చారని ఆయనే రాశాడు.

ఫ్రాంకల్ గురించి నా పేచీ

‘మాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్’ మన దగ్గర అందరికన్నా ఎక్కువగా దొరికేది, అందరూ సిఫార్సు చేసేది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ట్రైనింగ్ ఇచ్చినాయన స్లైడ్ మీద చూసి నేనూ కొన్నాను. మంచి పుస్తకమే. ఫ్రాంకల్ వియన్నా మానసిక వైద్యుడు. 1942లో టెరీజియన్‌స్టాట్ క్యాంపుకి పంపారు, తండ్రి అక్కడే పోయాడు. తర్వాత తల్లీ అన్నదమ్ముడూ ఆష్‌విట్జ్‌లో పోయారు, భార్య బెర్గెన్-బెల్సెన్ క్యాంపులో పోయింది. కోటు లోపల కుట్టుకున్న తన రాతప్రతి ఆష్‌విట్జ్‌లో దిగగానే గుడ్డలతో పాటు పోయింది. విడుదలయ్యాక ఈ పుస్తకాన్ని తొమ్మిది రోజుల్లో చెప్పి రాయించాడు, 1946లో వచ్చింది.

అయితే కొనేముందు తెలుసుకోవలసినవి ఉన్నాయి. ఆష్‌విట్జ్‌లో ఆయన ఉన్నది కొద్ది రోజులే. పుస్తకంలోని రోజులు ఎక్కువ భాగం జర్మనీలోని డాఖావ్ క్యాంపు కింద ఉండే చిన్న క్యాంపులవి. ఆయనేమీ దాచలేదు, అట్టల మీద రాసేవాళ్ళే దాన్ని పెద్దది చేస్తారు. రెండోది, పుస్తకంలో సగానికి పైగా జ్ఞాపకాలు, తక్కినది ఆయన వైద్య పద్ధతి లోగోథెరపీ, అంటే బతుకులో అర్థం వెతుక్కోవడం మీద నడిచే చికిత్స. క్యాంపు జీవితం తెలుసుకుందామని కొన్నవాళ్ళు ఆ రెండో భాగంలో చతికిలబడతారు. మూడోది అసలుది. ‘బతకడానికి కారణం ఉన్నవాడు బతుకుతాడు’ అని స్లైడ్ మీద పెట్టేసరికి, పోయినవాళ్ళకి కారణం లేకపోయిందా అనే ప్రశ్న వస్తుంది. ఫ్రాంకల్ మొదట్లోనే, మాలో అందరికన్నా మంచివాళ్ళు తిరిగి రాలేదు అని రాశాడు. ఆ వాక్యం స్లైడ్ల మీద నాకెప్పుడూ కనబడలేదు.

దుఃఖంలో ఉండి ఊతం వెతుక్కుంటున్నవాళ్ళకి ఫ్రాంకల్ ఇవ్వండి, సందేహం లేదు. చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం మొదటి పుస్తకంగా ఇవ్వకండి. ఈ వరసలోనే ఈమధ్య వచ్చినవి ఎడిత్ ఈగర్ ‘ద చాయిస్’ (2017), నూరేళ్ళ వయసులో ఎడ్డీ జాకూ రాసిన ‘ద హ్యాపీయెస్ట్ మాన్ ఆన్ ఎర్త్’ (2020). ఈగర్ పదహారేళ్ళప్పుడు ఆష్‌విట్జ్‌లో నాజీ డాక్టరు మెంగెలే ముందు నాట్యం చేసిన అమ్మాయి, తర్వాత మానసిక వైద్యురాలయింది. ఆ పుస్తకంలో వైద్యం భాగం ఫ్రాంకల్ దానికన్నా చదవబుద్ధి వేస్తుంది. జాకూ పుస్తకం తాతగారు పడక్కుర్చీలో కూర్చుని చెప్పినట్టుంటుంది, ఇంతకన్నా దాని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు.

క్యాంపు దాకా వెళ్ళని పుస్తకం

సినిమా చూసినవాళ్ళు చాలామంది ‘ద పియానిస్ట్’ పుస్తకం ఉందని తెలియక వదిలేస్తారు. వ్లాడిస్లావ్ ష్పిల్మన్ పోలండ్ రాజధాని వార్సా రేడియోలో పియానో వాయించేవాడు. ఘెట్టో, అంటే యూదుల్ని నిర్బంధించిన పేట, గోడ లోపల నాలుగు లక్షలకు పైగా జనం ఎలా బతికారు, గోడ అవతల అయిదారు ఇళ్ళల్లో ఒక మనిషిని ఎలా దాచారు, అందరూ వెళ్ళిపోయిన నగరంలో ఒక్కడే ఎలా మిగిలాడు: ఇవి క్యాంపు పుస్తకాల్లో దొరకవు.

1942 ఆగస్టులో ఇంటిల్లిపాదినీ ట్రెబ్లింకా చావు క్యాంపుకి రైలెక్కించే మైదానానికి తోలారు. ఎండ. నీళ్ళు లేవు. ఒక కుర్రాడు మెడలో పెట్టె తగిలించుకుని మిఠాయిలు అమ్ముతున్నాడు, అడిగినంత ధరకి. ఆరుగురూ జేబులు దులిపి ఇరవై జ్లోటీలకి ఒకే ఒక్క క్యారమెల్ కొన్నారు. తండ్రి చిన్న చాకుతో దాన్ని ఆరు ముక్కలు చేశాడు. అదే వాళ్ళు కలిసి తిన్న ఆఖరి తిండి. కాసేపటికి ఒక పోలీసు ష్పిల్మన్ని కాలరు పట్టి వరసలోంచి బయటికి లాగేశాడు, మిగతా అయిదుగురూ రైలెక్కారు.

ఈ పుస్తకం 1946లోనే పోలిష్‌లో వచ్చింది. శిథిలాల్లో తనకి రొట్టె తెచ్చిచ్చిన జర్మన్ అధికారి హోసెన్‌ఫెల్డ్‌ని ఆనాటి రాజకీయాల వల్ల ఆస్ట్రియావాడిగా మార్చాల్సి వచ్చింది. మళ్ళీ సరైన రూపంలో వెలుగు చూసింది 1998లో, జర్మన్‌లో. మీరు కొనే ప్రతిలో చివర హోసెన్‌ఫెల్డ్ డైరీ పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి. తన సైన్యం చేస్తున్నది చూసి సిగ్గుపడిన మనిషి రాసిన ఆ పదిహేను, ఇరవై పేజీలు పుస్తకం విలువని రెట్టింపు చేస్తాయి. ఆయన 1952లో సోవియట్ చెరలో చనిపోయాడు. ష్పిల్మన్ గొంతులో విచిత్రమైన చల్లదనం ఉంటుంది, ఎవరో ఇంకొకరికి జరిగినట్టు చెబుతాడు. కొందరికి అది నచ్చదు. నాకైతే అదే నమ్మకం కలిగించింది.

ఆడవాళ్ళ పుస్తకాలు ఎందుకు వెతుక్కోవాలి

ఇప్పటిదాకా చెప్పినవాళ్ళలో ఈగర్ తప్ప అందరూ మగవాళ్ళే. షెల్ఫుల్లోనూ అంతే. నన్నడిగితే ఈ జాబితాలో అందరికన్నా తక్కువ పేరూ ఎక్కువ పదునూ ఉన్నది రూత్ క్లూగర్ ‘స్టిల్ అలైవ్’.

1931లో వియన్నాలో పుట్టింది. పదకొండు నిండకుండానే టెరీజియన్‌స్టాట్, పన్నెండేళ్ళకి ఆష్‌విట్జ్. పని చేయగలిగినవాళ్ళని ఏరుతున్న వరసలో ఒకసారి నిలబడితే, చిన్నపిల్లవని పొమ్మన్నారు. తల్లి పోరుతో రెండోసారి ఇంకో వరసలో నిలబడింది. అక్కడ పేర్లు రాసుకుంటున్న ఒక ఖైదీ అమ్మాయి దగ్గరికొచ్చి, పదిహేనేళ్ళని చెప్పు అని గుసగుసగా అంది. పిల్ల అలాగే చెప్పింది. చిన్నగా ఉందే అన్నాడు జర్మన్. కాళ్ళు చూడండి, గట్టిగా ఉన్నాయి, పని చేస్తుంది అంది ఆ అమ్మాయి. అంతే, బతికింది. వీజెల్ పుస్తకంలోనూ ఇలాంటి చోటే ఉంది. ఎవరో ముక్కూ మొహం తెలియని ఖైదీ చీకట్లో వచ్చి, పదిహేను కాదు పద్దెనిమిది అను అంటాడు. వీజెల్ ఆ మనిషిని దాటి కథలోకి వెళ్ళిపోతాడు. క్లూగర్ అక్కడే ఆగిపోతుంది. ఆ అమ్మాయికి నేను ఎవర్ని, ఏ లాభమూ లేకుండా ఎందుకు చేసింది అని పేజీల తరబడి ఆలోచిస్తుంది. ఈ ఒక్క తేడా చాలు ఇద్దర్నీ పోల్చడానికి.

క్లూగర్ ఎవరినీ మంచి చేసుకోదు. తల్లితో తన తగాదాలు దాచదు. బాధలు మనిషిని మంచివాణ్ణి చేస్తాయనే మాట ఆమెకి పడదు. క్యాంపుల్ని మ్యూజియాలు చేసి టిక్కెట్లు పెట్టడం ఆమెకి నచ్చదు. అమెరికాలో సాహిత్యం పాఠాలు చెబుతూ, 1988లో జర్మనీ వచ్చినప్పుడు ఒక కుర్రాడి సైకిల్ గుద్ది తలకి దెబ్బ తగిలింది. కోలుకుంటూ రాయడం మొదలుపెట్టింది. జర్మన్‌లో 1992లో వచ్చింది. ఇంగ్లీషులోకి అనువాదం చేయించలేదు, తల్లి పోయాక తనే మళ్ళీ రాసుకుంది, 2001లో. మా మేనకోడలి వయసు ఆడపిల్లలకి ఇది లేవీ కన్నా దగ్గరగా ఉంటుందేమోనని నాకు అనుమానం.

నవలలా సాగే కథ కావాలంటే గెర్డా వైస్‌మన్ క్లైన్ ‘ఆల్ బట్ మై లైఫ్’. 1942 జూన్‌లో, ఎండలు మండుతుంటే, వెళ్ళేముందు తండ్రి ఆమెని స్కీ బూట్లు వేసుకోమని పట్టుబట్టాడు. రెండున్నరేళ్ళు దాటాక మంచులో నెలల తరబడి నడిపించినప్పుడు ఆ బూట్లే కాళ్ళు కాపాడాయి. చివరికి తనని విడిపించిన అమెరికన్ సైనికుణ్ణే పెళ్ళాడింది. ఇంటర్ చదివే పిల్లలకి మొదటి పుస్తకంగా ఇవ్వగలిగింది ఇదే.

బొమ్మల్లో

‘మౌస్’ని కామిక్ అనుకుని చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. ఆర్ట్ స్పీగెల్‌మాన్ తన తండ్రి కథని రెండు భాగాలుగా, 1986లో, 1991లో బొమ్మల్లో వేశాడు. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. 1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. మిగతా పుస్తకాల్లో లేనిది ఇందులో ఉంది: బతికొచ్చాక మనిషి ఎలా ఉంటాడు. న్యూయార్క్‌లో ముసలి తండ్రి అగ్గిపుల్లలు మిగులుస్తాడు, వీధిలో పడున్న వైరు ముక్క ఏరుకుంటాడు, సగం తినేసిన సీరియల్ పెట్టె కొట్లో వెనక్కిచ్చి డబ్బులడుగుతాడు. కొడుక్కి తల కొట్టేసినట్టవుతుంది. చదవడం రెండు సాయంత్రాల పని, ఇంగ్లీషు కష్టం కాదు. ముసలాయన వచ్చీ రాని ఇంగ్లీషు అలాగే ఉంచాడు, మనకది ఇంకా తేలిక. పుస్తకాలంటే మొహం తిప్పుకునే కుర్రాళ్ళకి నేను ఇచ్చేది ఇదే, ఒక్కరూ మధ్యలో వదల్లేదు.

కొనేటప్పుడు

ఒకే పుస్తకానికి రెండు పేర్లు ఉంటాయి, మోసపోకండి. లేవీ ‘ఇఫ్ దిస్ ఈజ్ ఎ మాన్’, అమెరికాలో అమ్మే ‘సర్వైవల్ ఇన్ ఆష్‌విట్జ్’ ఒకటే. నేను రెండూ కొన్నాను. ఆయన ఇంటికి తిరిగొచ్చిన కథ ‘ద ట్రూస్’ కూడా అంతే, అమెరికాలో ‘ద రీఅవేకెనింగ్’. మొదటిదీ ఇదీ కలిపి ఒకే పుస్తకంగా దొరికే ప్రతి తీసుకోవడం మేలు. క్లూగర్‌ది ఇంగ్లండ్‌లో ‘లాండ్‌స్కేప్స్ ఆఫ్ మెమరీ’. ‘నైట్’ని ‘డాన్’, ‘డే’ అనే మరో రెంటితో కలిపి మూడు పుస్తకాల కట్టగా అమ్ముతారు. ఆ రెండూ నవలలు, ఆయన జీవితం కాదు. ‘నైట్’కి రెండు ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి. 2006లో వీజెల్ భార్య మారియన్ చేసింది తీసుకోండి. ఫుట్‌పాత్ మీది నకిలీ ప్రతుల్లో అచ్చు వెలిసిపోయి, ఒక్కోసారి పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. అబిడ్స్‌లో నేను కొన్న లేవీలో 16 పేజీలు రెండుసార్లున్నాయి, వాటి తర్వాతి 16 లేనే లేవు.

నవలని జ్ఞాపకం అనుకుని చదవడం ఇంకో తప్పు. ‘ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్’ కల్పన. ఆష్‌విట్జ్ చరిత్ర తెలుసుకోవాలంటే దాన్ని చదవొద్దని ఆ మ్యూజియమే 2020లో చెప్పింది. ‘ద టాటూయిస్ట్ ఆఫ్ ఆష్‌విట్జ్’ నిజంగా బతికిన మనిషి మీద రాసిందే అయినా నవలే, అందులోని పొరపాట్లని అదే మ్యూజియం చూపించింది. అంతకన్నా ఘోరం, అచ్చంగా జ్ఞాపకాలని చెప్పి అమ్మిన అబద్ధాలు. పసితనంలో క్యాంపుల్లో గడిపానని ఒకాయన 1995లో జర్మన్‌లో పుస్తకం తెచ్చి బహుమతులు అందుకున్నాడు. ఆయన స్విట్జర్లాండ్ దాటని పిల్లాడని తర్వాత బయటపడింది. తోడేళ్ళ మధ్య పెరుగుతూ యూరప్ అంతా నడిచానని ఇంకొకావిడ రాసింది, 2008లో అబద్ధమని తనే ఒప్పుకుంది, యూదురాలు కూడా కాదు. నేను పట్టుకునే గుర్తు ఒకటుంది. నిజంగా ఉండొచ్చినవాళ్ళు నాకిది గుర్తులేదు, ఇది నేను చూడలేదు అని తరచూ అంటారు. అన్నీ రంగుల్లో గుర్తున్నవాళ్ళ దగ్గర కాస్త జాగ్రత్త.

ఇక ఆన్ ఫ్రాంక్. ఆ డైరీ 1944 ఆగస్టు 1న ఆగిపోతుంది, మూడు రోజులకి పట్టుకున్నారు. ఆమె బెర్గెన్-బెల్సెన్‌లో పోయింది. దాక్కున్న ఎనిమిది మందిలో మిగిలింది తండ్రి ఒక్కడే. కాబట్టి అది బతికినవాళ్ళ పుస్తకం కాదు, ఈ పోలికలోకి రాదు. బళ్ళో చదవకపోతే చదవండి, చదివుంటే అక్కడ ఆగిపోకండి.

మా పిల్ల ఏం తీసుకుందంటే, ఇంత చెప్పాక కూడా, అన్నిట్లోకీ సన్నగా ఉందని ‘నైట్’ తీసుకుంది. రెండో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. తండ్రి గురించి అడుగుతుందేమో అనుకున్నా. కాదు. మొదటి పేజీల్లో మోషే అనే పేదవాడు ఉంటాడు. అతన్ని ఊళ్ళోంచి ముందే తీసుకుపోయి, అడవిలో కాల్చి గుంటలో పడేస్తే, దెబ్బతో బయటపడి ఊరికి తిరిగొచ్చి ఇంటింటికీ తిరిగి చెబుతాడు. ఎవరూ నమ్మరు, పిచ్చివాడంటారు. “రెండేళ్ళ ముందే చెప్పాడు కదత్తా. ఎందుకు నమ్మలేదు? వాళ్ళకి టైముంది కదా” అంది.

దానికి లేవీ దగ్గర జవాబు లేదు, ఫ్రాంకల్ దగ్గరా లేదు. దగ్గరగా వచ్చేది విక్టర్ క్లెంపరర్ డైరీలు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో యూదు ప్రొఫెసరు, భార్య యూదురాలు కాదు గనక క్యాంపుకి పంపకుండా మిగిల్చారు. 1933 నుంచి రోజూ రాశాడు, ఏం జరగబోతోందో తెలియకుండానే. ఒకరోజు ఉద్యోగం పోతుంది. ఒకరోజు కారు నడపకూడదంటారు. ఇంకోరోజు యూదులు పిల్లుల్ని పెంచుకోకూడదని ఆజ్ఞ వస్తుంది, పెంచుకున్న పిల్లిని తీసుకెళ్ళి చంపించి రావలసి వస్తుంది. ఒక్కోటీ భరించగలిగేంత చిన్నదే. 1945 ఫిబ్రవరి 13న, మిగిలిన యూదుల్ని తరలిస్తామనే నోటీసులు ఇంటింటికీ తనే పంచి వచ్చాడు. ఆ రాత్రి నగరం మీద బాంబులు పడ్డాయి, ఆ గందరగోళంలో యూదులు తప్పనిసరిగా పెట్టుకోవలసిన గుర్తు, కోటు మీది పసుపు నక్షత్రం, పీకేసి తప్పించుకున్నాడు.

ఇంగ్లీషులో నాజీల కాలం వరకే రెండు లావుపాటి సంపుటాలు. పరీక్షలయ్యాక పంపిస్తానన్నాను. “మొదటిది ఇప్పుడే పంపు, ఆ పిల్లి ఉన్న భాగం ఏదైతే అది” అంది. అది రెండో సంపుటంలో ఉంది.